నొప్పి తెలియని వైపు

ముక్కులోకి గొట్టం పెట్టి చూసే పరీక్ష అంటే మా ఊళ్లో ఇప్పటికీ జనం వెనక్కి తగ్గుతారు. షుగర్ ఉన్నవాళ్లకు ముఖం ఒకవైపు బరువెక్కినా, కంటి కింద వాచినా వాళ్ల ఇళ్లవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. "సారూ, ఆ పరీక్ష నరకమంట కదా. చేయించుకోక తప్పదా?" అని అడుగుతారు. బాధ ఉండదని నేను ఎవరికీ చెప్పను. బాధ ఉంటుంది. కానీ ఈ కాగితం మీది అక్షరాలు ఇవాళ రెండు కళ్లతో చూస్తున్నానంటే ఆ పరీక్ష వల్లే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. షుగర్ చాలా ఏళ్ల నుంచి ఉంది. మాత్రలతో అదుపులోనే ఉండేది. 2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక జరిగింది. మా జిల్లాలో ఎంతోమంది టీచర్లలాగే నేనూ పోలింగ్ డ్యూటీకి వెళ్లాను. తర్వాతి వారంలో జ్వరం వచ్చింది, కరోనా అని తేలింది. ఊపిరి అందని స్థితి వచ్చాక ఆసుపత్రిలో చేర్చారు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు. ఆ రోజుల్లో ఆక్సిజన్ తగ్గినవాళ్లకు ప్రాణం నిలిపిన మందుల్లో స్టెరాయిడ్ ఒకటి. దాన్ని నేను తప్పుపట్టను. అయితే అది రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఒంటికి క్రిములతో పోరాడే శక్తిని తగ్గిస్తుంది. నా షుగర్ 400 దాటింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. మే రెండో వారానికి జ్వరం పోయింది, పరీక్షలో నెగెటివ్ వచ్చింది, ఇంటికి పంపారు. మా ఇంట్లో ఆ రాత్రి అందరూ నిశ్చింతగా నిద్రపోయారు.

అప్పటికే రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున ఆరింటి నుంచి పదింటి వరకే దుకాణాలు తెరిచేవారు. ఇంటికొచ్చిన కొద్దిరోజులకు కుడి చెంప బరువుగా అనిపించడం మొదలైంది. పడిశం పట్టబోతోందనుకున్నాం. ఆవిరి పట్టాను. గడ్డం గీసుకుంటుంటే ఎడమవైపు బ్లేడు తగులుతున్నట్టు తెలుస్తోంది, కుడివైపు తెలియడం లేదు. చెంప మీద వేలితో నొక్కితే మరెవరి చెంపో ముట్టుకున్నట్టుంది. అన్నం తింటుంటే కుడివైపు పైపళ్లు కదిలాయి. ముక్కులోంచి గోధుమ రంగు నీరు కారేది, అది చెడు వాసన వేసేది. ఆ వాసన నాకు తెలియలేదు. మా ఆవిడ చెప్పింది.

పళ్లు కదులుతున్నాయని పళ్ల డాక్టరుకు చూపించాం. చిగుళ్లలో చీము ఉండొచ్చని యాంటీబయాటిక్ రాశారు. తగ్గకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన సీటీ స్కాన్ తీయించారు. కుడి చెంపలోని సైనస్‌లో పొర మందమైందని రిపోర్టు వచ్చింది. "సైనసే, భయపడాల్సింది లేదు" అని మాత్రలు, ముక్కులో వేసుకునే చుక్కలు ఇచ్చారు. వాళ్లెవరో ఇక్కడ రాయను. ఆ నెలలో ఊళ్లో ప్రతి డాక్టరూ నిద్ర లేకుండా పనిచేశారు, వాళ్లలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కానీ ఒక్క మాట చెప్పక తప్పదు. పళ్లు చూశారు, స్కాన్ చూశారు, రక్తం చూశారు. ముక్కు లోపలికి మాత్రం ఎవరూ చూడలేదు. జబ్బు అక్కడుంది.

ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి కనురెప్ప వాచి సగం మూసుకుపోయింది. ఎదురింటి గేటు రెండుగా కనబడింది. మా అబ్బాయి కారు పాసు తీసుకుని నల్గొండలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్దాయన. కంట్లో లైటు వేసి చూశాడు. తర్వాత నా చెంప మీద దూదిపింజతో అటూ ఇటూ రాసి, "ఎటు తెలుస్తోంది మాష్టారూ?" అని అడిగాడు. ఎడమవైపే తెలుస్తోందన్నాను. ఆయన వెంటనే మా అబ్బాయి వైపు తిరిగి, "ఇది కంటి జబ్బు కాదు బాబూ. ముక్కులోంచి కంటి దాకా వస్తోంది. ఇంటికి కూడా వెళ్లకండి. ఇటునుంచి ఇటే హైదరాబాద్ పోండి. ముక్కులో ఎండోస్కోపీ చేసి చూడమనండి" అన్నాడు. చీటీ మీద అదే ముక్క రాసి కింద రెండు గీతలు గీశాడు. ఫీజు తీసుకోలేదు.

హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ నెలలోనే బ్లాక్ ఫంగస్‌కు నోడల్ కేంద్రంగా పెట్టారు. కరోనా ఇంకా ఉన్న రోగులను గాంధీ ఆసుపత్రికి పంపేవారు, నెగెటివ్ వచ్చినవాళ్లను కోఠిలో చూసేవారు. మే 20న తెలంగాణ ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. నార్కట్‌పల్లి దగ్గర పోలీసులు కారు ఆపారు. కంటి డాక్టరు చీటీ చూసి వదిలేశారు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద నాలాగే ఒక కన్ను వాచినవాళ్లు, కట్టు కట్టుకున్నవాళ్లు, వాళ్ల చేతులు పట్టుకుని కూర్చున్న భార్యలు, కొడుకులు. తెలంగాణ ఉమ్మడి పది జిల్లాల మాటతీరూ ఆ చెట్టు కింద వినబడింది.

ఇక ఆ పరీక్ష సంగతి.

వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టారు. తల ఆనించుకోవడానికి దిండు ఉంది. పీపీఈ కిట్ వేసుకున్న యువ డాక్టరమ్మ నా ముందుకొచ్చింది. కళ్లు తప్ప ఆమె ముఖం కనబడలేదు. "సార్, ముందు దూది పెడతాను. మొద్దుబారే మందు ఉంటుంది. చేదుగా గొంతులోకి దిగితే మింగెయ్యండి. తర్వాత కెమెరా పెడతాను. ముక్కుతో గాలి తీసుకోవద్దు, నోటితో తీసుకోండి. ఏం చేసినా నా చెయ్యి మాత్రం పట్టుకోవద్దు" అంది. తర్వాత తెలిసిందేమంటే ఆ మందు నాలుగు శాతం జైలోకెయిన్. దాంతోపాటు రక్తనాళాలు ముడుచుకుని దారి వెడల్పయ్యేందుకు ఇంకో మందు కలుపుతారు. ఆ మందులో తడిపిన సన్నని పట్టీలను పొడవాటి పట్టకారుతో ముక్కు పైదాకా దోపుతారు.

ఎడమవైపు పెడుతుంటే ప్రాణం పోయినంత పనైంది. కళ్లలోంచి నీళ్లు కారాయి, తుమ్ము వచ్చింది, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. నుదుటి వెనక ఎవరో వేలు పెట్టి నెడుతున్నట్టుంది. ఇక కుడివైపు కూడా ఇలాగే ఉంటుందని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ కాలేదు.

"మేడమ్, ఇటువైపు పెట్టరా?" అని అడిగాను.

"పెట్టాను సార్" అంది.

ఆమె పక్కనున్న ఇంకో డాక్టరు వైపు చూసింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మందు ఇంకా పనిచేయడం మొదలుపెట్టక ముందే నాకు ఆ వైపు స్పర్శ లేదు.

పది నిమిషాలు ఆగి పట్టీలు తీశారు. పెదవి, పైపళ్లు, అంగిలి అన్నీ మొద్దుబారాయి. గొంతులో ముద్ద అడ్డుపడినట్టుంది, మింగుతుంటే మింగుడు పడినట్టు తెలియదు. ఈ పరీక్షలో చాలామంది భయపడేది ఈ ముద్దకే. ఊపిరి ఆగిపోతుందనిపిస్తుంది. ఆగదు. నోరు తెరిచి పెట్టుకుంటే గాలి దాని పని అది చేసుకుపోతుంది. అది ముందే చెప్పినందుకు ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను. చెప్పకపోతే ఆ క్షణంలో కుర్చీలోంచి లేచేవాణ్ణి.

గొట్టం అని మనం అంటాం గానీ అది నిటారుగా ఉండే లోహపు కడ్డీ. మందం నాలుగు మిల్లీమీటర్లు. కొసన అద్దం. వెనక కెమెరా, పక్క నుంచి దీపపు తీగ. అద్దం మీద ఆవిరి పట్టకుండా ఒక ద్రవంలో ముంచి తీశారు. మొదట ఎడమ ముక్కులో, నేల వెంబడి వెనక్కి పోనిచ్చారు. చల్లగా జారుతున్నట్టు తెలుస్తోంది. నాకు ఎదురుగా తెర ఉంది. లోపల గులాబీ రంగు గోడలు, తడిగా మెరుస్తున్నాయి. చివరకు ముక్కు వెనకాల, గొంతుకు పైన ఉన్న గది వచ్చింది. "ఇప్పుడు గుటక వేయండి సార్" అంది. గుటక వేస్తే చెవిలోకి వెళ్లే గొట్టం నోరు తెరుచుకుని మూసుకోవడం తెర మీద కనబడింది. ముక్కు గోడల నుంచి లోపలికి వేలాడే మడతలు ఒక్కోవైపు మూడు, ఒకదానిపై ఒకటి. వాటిని టర్బినేట్లు అంటారు. మధ్య మడత కింద ఉన్న సందులోకే చెంప సైనస్, నుదుటి సైనస్, కళ్ల మధ్య ఉన్న సైనస్‌ల ముందు గదులు వచ్చి తెరుచుకుంటాయి. అందుకే డాక్టర్లు ఆ సందు దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. నొప్పి ఎక్కువగా అనిపించేదీ అక్కడే. ఎడమవైపు అంతా శుభ్రంగా ఉంది.

కుడివైపు కడ్డీ పెట్టగానే తెర రంగు మారింది. నేల మీద గోధుమ రంగు పెచ్చులు. కింది మడత తెల్లగా పాలిపోయి ఉంది. ఇంకొంచెం పైకి తిప్పగానే మధ్య మడత వచ్చింది. అది నల్లగా, ఆరిపోయిన బొగ్గు ముక్కలా ఉంది. ఎండి, తడి లేకుండా. నేను చూస్తున్నది నా ముఖంలోని భాగమని మనసు ఒప్పుకోలేదు. చూపుడు వేలు దూరంలో, ముఖం వెనకే అది ఉంది. ఇన్నాళ్లూ అద్దంలో రోజూ చూసుకున్న ముఖమే.

ఆమె సన్నని పరికరంతో దాన్ని తాకింది. నాకేమీ తెలియలేదు. చిన్న పట్టకారుతో ముక్క తుంచింది. రక్తం చుక్క కూడా రాలేదు. రక్తం రాలేదు కదా అని నాకు ఊరట కలిగింది. ఆమె మాత్రం తెర వైపే చూస్తూ మెల్లగా చెప్పింది. "రక్తం రావాలి సార్. బతికున్న కండను తుంచితే రక్తం వస్తుంది. ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందక కండ చచ్చిపోతుంది, అక్కడి నరాలూ పోతాయి. అందుకే మీకు నొప్పి తెలియడం లేదు."

నేను తెచ్చిన సీటీ ఫిల్ములు చూపించి, అందులో సైనస్ అనే రాశారు కదా అని అడిగాను. "స్కాన్‌లో నీడ కనబడుతుంది సార్, రంగు కనబడదు. మామూలు సైనస్ కూడా అలాగే ఉంటుంది. ఎముక కరిగాక స్కాన్ చెబుతుంది. అప్పటికి ఆలస్యమవుతుంది" అంది. ఈ మాటను నేను నా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ చెబుతాను. స్కాన్ కావాలి, జబ్బు ఎంత దూరం పాకిందో అది చూపుతుంది. కంటి వెనకా, మెదడు దగ్గరా ఏముందో చూడటానికి నాకు ఎమ్మారై కూడా తీశారు. కానీ కంటితో చూడటానికి స్కాన్ బదులు కాదు.

తుంచిన ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ క్షారం కండ కణాలను కరిగిస్తుంది, ఫంగస్ పోగులు మాత్రం మిగులుతాయి. నేను ఏటా పిల్లలకు చెప్పే రసాయనమే. బ్లాక్ ఫంగస్ తెచ్చే మ్యూకర్ పోగులు వెడల్పుగా, అడ్డగోడలు లేకుండా, దాదాపు లంబకోణంలో కొమ్మలేసి ఉంటాయి. ఫలితం ఆ సాయంత్రానికే వచ్చింది. మ్యూకర్‌మైకోసిస్, అంటే బ్లాక్ ఫంగస్.

వార్డులో పడుకున్నాక, నిద్ర పట్టని రాత్రుళ్లు, ఆ కడ్డీ గురించి ఆలోచించేవాణ్ణి. పదో తరగతి పిల్లలకు కాంతి వక్రీభవనం చెప్పేటప్పుడు సంపూర్ణాంతర పరావర్తనం దగ్గర ఆప్టికల్ ఫైబర్ గురించి, డాక్టర్లు దాన్ని వాడటం గురించి చెబుతాను. ఆ తీగలోంచి వెలుగు నా ముఖంలోకే వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఫైబర్ల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని 1954లో నేచర్ పత్రికలో రాసిన ఇద్దరిలో ఒకరు మనవాడు, పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. రెండోవాడు బ్రిటిష్ భౌతికశాస్త్రజ్ఞుడు హెరాల్డ్ హాప్కిన్స్. నిటారు కడ్డీలో పాతకాలంలో గాలి మధ్యలో చిన్న చిన్న గాజు కటకాలు పెట్టేవారు, బొమ్మ మసకగా ఉండేది. హాప్కిన్స్ దాన్ని తిరగేశాడు. గొట్టమంతా గాజు కడ్డీలు పెట్టి, వాటి మధ్య సన్నని గాలి సందులే కటకాల్లా పనిచేసేలా చేశాడు. వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చింది. 1959లో పేటెంటు తీసుకున్నాడు. జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ దాన్ని తయారు చేయించాడు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో వాల్టర్ మెసర్‌క్లింగర్ అనే డాక్టరు ఆ కడ్డీతో ఏళ్ల తరబడి ముక్కులోపలి దారులను చూసి, సైనస్ జబ్బులకు మూలం ఆ మధ్య సందులోనే ఉంటుందని చూపించాడు. వీళ్లెవరూ నన్ను ఎరగరు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మందు ఆంఫోటెరిసిన్-బి. అప్పుడు దేశమంతా దాని కోసం వెతుకులాటే. లైపోజోమల్ రకం కిలో బరువుకు రోజుకు కనీసం ఐదు మిల్లీగ్రాములు ఇవ్వాలి. సీసాలో ఉండేది యాభై మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకు ఆరు సీసాలు, అదీ వారాల తరబడి. ప్రభుత్వం కమిటీ వేసి సీసాలు కేటాయించేది. లైపోజోమల్ దొరకని రోజుల్లో పాతరకం ఆంఫోటెరిసిన్ ఇచ్చేవారు. పసుపు రంగు మందు. సెలైన్‌లో కలపకూడదు, గ్లూకోజ్‌లోనే కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తారు. పాతరకం ఎక్కిన కాసేపటికి చలి పుట్టేది. మంచం కదిలేంత వణుకు. మా అబ్బాయి రెండు దుప్పట్లు కప్పి నా మీద చేతులేసి పట్టుకునేవాడు. ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పొటాషియంను పడగొడుతుంది. రోజు విడిచి రోజు రక్తం తీసి క్రియాటినిన్ చూసేవారు. అది పెరిగితే మందు ఆపాలి, మందు ఆపితే ఫంగస్ పాకుతుంది. డాక్టర్లు ఆ రెంటి మధ్య నెట్టుకొచ్చారు.

ఆపరేషన్‌కు ముందు కాగితం మీద మా ఆవిడ సంతకం పెట్టింది. అవసరమైతే కన్ను తీయడానికి ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. చదివి వినిపించమని నేనే అడిగాను. ఆమె చదివింది, సంతకం పెట్టింది, బయటికి వెళ్లింది. కన్ను తీయాల్సిన అవసరం రాలేదు. ముక్కు లోపలి నుంచే ఎండోస్కోప్ పెట్టి చచ్చిన కండను, సైనస్ గోడలను తీశారు. రక్తం చిమ్మే కండ వచ్చేదాకా తీయడమే ఆ ఆపరేషన్ పద్ధతి. కుడి పైదవడ ఎముకకు కూడా పాకింది కాబట్టి ఆ వైపు పళ్లు, అంగిలిలో కొంత భాగం పోయాయి. లేచాక మంచినీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. మాట్లాడితే ఎవరికీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు గొంతుతో బతికినవాణ్ణి.

పరీక్ష ఒక్కసారితో అయిపోతుందని అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. ఆపరేషన్ తర్వాత అసలైన ఎండోస్కోపీలు మొదలవుతాయి. కొద్దిరోజులకోసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టి కడ్డీ పెట్టి చూస్తారు. మళ్లీ ఎక్కడైనా నల్లబడిందా, పాలిపోయిందా అని. లోపల పెచ్చులు కడతాయి. వాటిని ఒక్కొక్కటే పట్టకారుతో తీస్తారు. పుండు మీది పెచ్చు పీకినట్టే, కాకపోతే ముఖం లోపల. వార్డులో పొద్దున్నే పేర్లు పిలిచేవారు. నా పేరు రాకూడదని అనుకుంటూ, వస్తే లేచి వెళ్లేవాణ్ణి. ఒకసారి మళ్లీ నల్లని మచ్చ కనబడితే మళ్లీ ఆపరేషన్ చేశారు. ఆ రోజు మా అబ్బాయి నాకు కనబడకుండా మెట్ల దగ్గర ఏడ్చాడని పక్క మంచం వాళ్లు తర్వాత చెప్పారు.

పక్క మంచం మీద ఉన్నది సూర్యాపేట వైపు రైతు. నాకంటే వయసులో చిన్నవాడు. అన్నా అని పిలిచేవాడు. ముక్కులో కెమెరా పెడితే కళ్లు పీకేస్తారని ఎవరో చెప్పారట. అన్నదమ్ములు భయపడి పసరు వైద్యానికి తీసుకుపోయారు. వారం తర్వాత తెచ్చారు. అప్పటికి ఎడమ కన్ను చూపు పోయింది, తీసేయాల్సి వచ్చింది. ఆయన బతికాడు. ఫోన్లో మాట్లాడుకుంటాం. "అన్నా, పరీక్ష కన్ను తియ్యదు. పరీక్ష చెయ్యకుంటే పోతది" అని ఆయనే అంటాడు. నాకంటే ఆయన మాటకు బలం ఎక్కువ, అందుకే రాస్తున్నాను.

ఒకనాటి పొద్దున కుడివైపు కడ్డీ పెట్టి పెచ్చు తీస్తుంటే సూదితో పొడిచినట్టు చురుక్కుమంది. అరిచాను. డాక్టరమ్మ చెయ్యి ఆపింది. "నొప్పి తెలిసిందా సార్?" తెలిసిందన్నాను. తెర మీద ఎర్రని చుక్క ఊరుతోంది. "చూడండి సార్, రక్తం. మంచి కండ వస్తోంది" అని ఆమె పక్కవాళ్లను పిలిచి మరీ చూపించింది. ముఖం కప్పుకుని ఉంది కానీ కళ్లు నవ్వుతున్నాయి. బయటికి వచ్చి మా ఆవిడకు నొప్పి వచ్చిందని సైగ చేశాను. ఆమె గోడకు ఆనుకుని చేతులు జోడించింది. ఆ తర్వాత ప్రతిసారీ నొప్పి ఎక్కువైంది. ఏ ఒక్కసారీ వద్దనిపించలేదు.

ఇంటికి వచ్చాక పోసాకొనజోల్ మాత్రలు నెలల తరబడి వేసుకున్నాను. ఖరీదైన మాత్రలు. మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి రోజూ ముక్కు కడిగేవాణ్ణి. అంగిలి రంధ్రానికి పళ్ల సెట్టులాంటి ప్లేటు చేసి ఇచ్చారు. అది పెట్టుకున్న రోజు మా మనవరాలి పేరు స్పష్టంగా పలికాను. స్కూలుకు మళ్లీ వెళ్లాను. వీధిలో కొందరు చాలా రోజులు దూరంగానే ఉన్నారు, అంటుకుంటుందని. అంటుకోదు. ఈ ఫంగస్ బీజాలు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, గాలిలో అంతటా ఉంటాయి. అందరం పీలుస్తూనే ఉంటాం. షుగర్ అదుపు తప్పినవాళ్ల ఒంట్లో, క్రిములను ఎదుర్కొనే శక్తి పడిపోయినవాళ్ల ఒంట్లో అది నాటుకుంటుంది. మనిషి నుంచి మనిషికి రాదు.

ఆ ఏడాది జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 45 వేలకు పైగా మందికి ఈ జబ్బు వచ్చింది, 4,300 మందికి పైగా చనిపోయారు. కరోనా తగ్గింది కాబట్టి ఇది పోయిందని చాలామంది అనుకుంటున్నారు. కరోనాకు ముందూ మన దేశంలో ఇది ఉంది, షుగర్ ముదిరినవాళ్లకు ఇప్పుడూ వస్తోంది. ఇప్పటికీ నేను ఏటా వెళ్లి ఎండోస్కోపీ చేయించుకుంటాను. దూది పెట్టేటప్పుడు రెండువైపులా కళ్లలో నీళ్లు వస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లకూ, వాళ్ల ఇళ్లలోవాళ్లకూ నా మనవి. చెంప ఒకవైపు మొద్దుబారితే, ఏ కారణం లేకుండా పైపళ్లు కదిలితే, ముక్కులోంచి నల్లగా గానీ గోధుమ రంగులో గానీ కారితే, కన్ను వాచి ఒకటి రెండుగా కనబడితే రేపటిదాకా ఆగకండి. నొప్పి లేదని ధైర్యపడకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్కాన్ రిపోర్టు చేతిలో ఉన్నా సరే, ముక్కులో ఎండోస్కోపీ పెట్టి కంటితో చూడమని అడగండి. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. పరీక్ష అరగంట కూడా పట్టదు.